ఎనిమిది పేర్ల జాబితా

1954 ఏప్రిల్ 13న మద్రాసులో పదవీ స్వీకారం చేసిన మంత్రివర్గంలో ముఖ్యమంత్రితో కలిపి ఎనిమిదిమందే ఉన్నారు. కె. కామరాజ్, ఎ.బి. శెట్టి, ఎం. భక్తవత్సలం, సి. సుబ్రమణ్యం, ఎం.ఎ. మాణిక్యవేలు నాయకర్, షణ్ముఖ రాజేశ్వర సేతుపతి, బి. పరమేశ్వరన్, ఎస్.ఎస్. రామస్వామి పడయాచి. అంతకుముందున్న రాజాజీ మంత్రివర్గంలో దీనికి దాదాపు రెట్టింపు మంది ఉండేవారు. పైపైన చదివితే ఇది ఏ గెజిట్‌లోనైనా కనిపించే మామూలు జాబితా. ఒక్కో పేరు పక్కన ఆ మనిషి రెండు వారాల ముందు ఎవరి వైపు ఉన్నాడో రాసుకుని మళ్ళీ చదివితే అసలు సంగతి తెలుస్తుంది. చీలిపోవడానికి సిద్ధంగా ఉన్న ఒక పార్టీని ఎనిమిది పేర్లతో కలిపి నిలబెట్టిన పని ఇది. మన రాజకీయ చరిత్రలో ఇంత పొదుపైన, ఇంత నేర్పైన పని నాకు మరొకటి కనబడలేదు.

దీని గురించి చెప్పుకోవడానికి సాత్తూరు తగిన చోటు. విరుదునగరానికీ కోవిల్‌పట్టికీ నడుమ వైప్పారు ఒడ్డున ఉన్న ఈ ఊరే 1957లోనూ 1962లోనూ కామరాజ్‌ను శాసనసభకు పంపింది. ఆయన పుట్టిన విరుదునగరం పక్క ఊరే. చుట్టూ ఉన్న నల్లరేగడి పల్లెల్లో నాయుళ్ళు, రెడ్డియార్లు, కంబళత్తు నాయకర్లు, అరుంధతీయులు, అటు రాజపాళయంలో రాజులు తరతరాలుగా ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడుతూ బతుకుతున్నారు. వీళ్ళంతా ఒకే పార్టీ వాళ్ళేమీ కాదు. కాంగ్రెస్‌లో ఉన్నవాళ్ళున్నారు, ఎదురు నిలిచినవాళ్ళున్నారు, కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌లాగా కమ్యూనిస్టు రైతు ఉద్యమంలో నడిచి జైలుకు వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కామరాజ్ చేసిన ప్రతి పెద్ద పనిలోనూ ఎక్కడో ఒకచోట ఒక తెలుగు పేరు తగులుతుంది. అది ఒకచోట మిత్రుడిది, మరోచోట ఆయన చేతిలో దెబ్బతిన్నవాడిది.

మూడు ఓట్ల తేడా

కామరాజ్ 1903 జులై 15న పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోయారు, చదువు మధ్యలోనే ఆగింది, మేనమామ బట్టల కొట్లో పని నేర్చుకున్నారు. పదిహేడేళ్ళు వచ్చేసరికి కాంగ్రెస్‌లో ఉన్నారు. 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. కాంగ్రెస్‌లో ఆయన గురువు ఎస్. సత్యమూర్తి. 1936లో సత్యమూర్తి తమిళనాడు కాంగ్రెస్ అధ్యక్షుడై కామరాజ్‌ను ప్రధాన కార్యదర్శిగా పెట్టుకున్నారు. నాలుగేళ్ళకు ఆ స్థానాలు తారుమారయ్యాయి. 1940లో కామరాజ్ అధ్యక్షుడయ్యారు, గురువు శిష్యుడి కింద కార్యదర్శిగా పనిచేశారు. ఆ ఎన్నికలో కామరాజ్‌కు పోటీగా నిలిచింది రాజాజీ వర్గం బలపరిచిన సి.పి. సుబ్బయ్య. తేడా మూడే ఓట్లు.

ఆ మూడు ఓట్లే ఆయన పనితనానికి మొదటి పాఠం అనుకుంటాను. పార్టీలో సగం మంది తనను కోరుకోలేదని తెలిసిన అధ్యక్షుడు ఆ సగాన్ని ఎలా చూడాలి? బయటికి నెట్టవచ్చు, పట్టించుకోకుండా వదిలేయవచ్చు, లేదా ఒక్కొక్కరినీ పేరుపేరునా తెలుసుకోవచ్చు. కామరాజ్ మూడోది ఎంచుకున్నారు. మధ్యలో కొద్దికాలం తప్ప 1954 దాకా ఆ పదవిలో ఉండి జిల్లా జిల్లా తిరిగారు. ఏ తాలూకాలో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరికి ఎవరితో పడదో ఆయనకు కంఠతా వచ్చు.

మరో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన జైల్లో ఉండగా విరుదునగరం మునిసిపాలిటీకి అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 1941లో విడుదలై వచ్చి ఆ పదవి స్వీకరించి వెంటనే వదిలేశారు. పూర్తిగా న్యాయం చేయలేని పదవిలో కూర్చోకూడదన్నది ఆయన నియమం. కుర్చీ దిగడం కూడా రాజకీయంలో ఒక పనిముట్టే అని ఆయనకు అంత ముందే తెలుసు.

తెలుగువాళ్ళ మధ్య నేర్చిన విద్య

1946లో మద్రాసు ఉమ్మడి రాష్ట్రం. తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు, కన్నడిగులు ఒకే శాసనసభలో కూర్చునేవారు. కాంగ్రెస్ అధిష్ఠానానికి రాజాజీ ముఖ్యమంత్రి కావాలని ఉంది, శాసనసభా పక్షం ఒప్పుకోలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు పోటీలో నిలిచారు. కామరాజ్ వర్గం సి.ఎన్. ముత్తురంగ మొదలియార్‌ను నిలిపింది. పంతులుకు 82 ఓట్లు, మొదలియార్‌కు 69. తమిళ కాంగ్రెస్‌లో రాజాజీ వర్గమూ కామరాజ్ వర్గమూ కలవలేకపోవడం వల్లే పంతులు నెగ్గారు.

ఏడాది తిరక్కముందే, 1947 మార్చిలో, ప్రకాశం మంత్రివర్గం పడిపోయింది. పడగొట్టిన చేతుల్లో కామరాజ్ చెయ్యి ఉంది, పట్టాభి సీతారామయ్య వర్గపు ఆంధ్ర నాయకుల చేతులూ ఉన్నాయి. తరువాత వచ్చిన ఓమందూర్ రామస్వామి రెడ్డియార్ మంత్రివర్గంలో బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు మంత్రులయ్యారు. ప్రకాశాన్ని గుండెలో పెట్టుకున్న తెలుగువాళ్ళకు ఇది నేటికీ చేదు జ్ఞాపకం. ఆ చేదు న్యాయమైనదే. కామరాజ్ పనితనాన్ని మెచ్చుకునేవాళ్ళు ఈ భాగాన్ని దాటవేయకూడదు. మనుషుల్ని కలపడం తెలిసినవాడికి విడదీయడం కూడా తెలుసు, ఆ రోజుల్లో ఆయన రెండోదాన్నే ఎక్కువగా వాడారు.

ఓమందూరార్ ఎవరి మాటకూ తలవంచని మనిషి, పార్టీ కార్యాలయం మాటకు కూడా. రెండేళ్ళకే ఆయన స్థానంలో మన రాజపాళయం రాజుల బిడ్డ పి.ఎస్. కుమారస్వామి రాజా వచ్చారు. 1949 ఏప్రిల్ నుంచి 1952 ఏప్రిల్ దాకా ఆయనే ప్రభుత్వాధినేత. ఇంట తెలుగు మాట్లాడే ఒక విరుదునగరం ప్రాంతపు మనిషి తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ ప్రాంతాలన్నింటినీ కలిపి ఏలిన కాలం అది. 1952 ఎన్నికల్లో శ్రీవిల్లిపుత్తూరులో ఓడిపోయారు. తరువాత ఒరిస్సా గవర్నరుగా పనిచేశారు. రాజపాళయంలో తన ఇంటిని గాంధీ కళా మండ్రానికి ఇచ్చేశారు.

మూడేళ్ళలో ముగ్గురు ముఖ్యమంత్రుల్ని చూసిన పార్టీ అది. ఆ మార్పులన్నింటిలోనూ పాత్ర ఉన్న కామరాజ్‌కు అందులోని నష్టం కూడా కనిపించి ఉండాలి. గెలిచిన ప్రతిసారీ ఓడినవాళ్ళు బయట కూర్చుని తదుపరి అవకాశం కోసం కాచుకున్నారు.

ఒక్కో పేరు

1952 ఎన్నికల్లో 375 స్థానాల మద్రాసు శాసనసభలో కాంగ్రెస్‌కు 152 వచ్చాయి. మెజారిటీ లేదు. అప్పుడు డెబ్బై దాటిన రాజాజీని పిలిచారు. ఆయన విధాన మండలికి నామినేట్ అయి, చిన్న పార్టీల మద్దతు కూడగట్టి ప్రభుత్వం నిలిపారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. తెలుగు సభ్యులు వెళ్ళిపోవడంతో 1946 నాటి లెక్కలు చెరిగిపోయాయి. ఇక తమిళ కాంగ్రెస్‌లోని రెండు వర్గాలే ముఖాముఖి మిగిలాయి.

అదే ఏడు రాజాజీ ప్రాథమిక విద్యలో ఒక పథకం తెచ్చారు. పిల్లలు కొంతసేపు బడిలో, మిగతా సమయం ఇంటి వృత్తి నేర్చుకుంటూ గడపాలి. జనం దాన్ని కులవృత్తి చదువు అన్నారు. పెరియార్, అణ్ణాదురై వీధుల్లో వ్యతిరేకించారు, కాంగ్రెస్ సభ్యులు లోపల వ్యతిరేకించారు. 1954 మార్చిలో రాజాజీ శాసనసభా పక్ష నాయకత్వం వదిలేశారు. కొత్త నాయకుడి ఎన్నికలో కామరాజ్‌కు 93 ఓట్లు, రాజాజీ నిలిపిన సి. సుబ్రమణ్యానికి 41.

ఇక మొదట చెప్పిన జాబితాకు వద్దాం.

సి. సుబ్రమణ్యం ఆ 41 ఓట్ల మనిషి. ఓడిన పోటీదారు. ఆయనకు దక్కినవి కంటితుడుపు శాఖలు కావు. ఆర్థికం, విద్య ఆయన చేతికే వచ్చాయి. 1954 మే 18న రాజాజీ విద్యా పథకాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది కూడా విద్యామంత్రి సుబ్రమణ్యమే. రాజాజీకి అత్యంత ఆప్తుడైన శిష్యుడి నోటితోనే ఆ మాట రావడంతో ఓడిన వర్గానికి అది అవమానంగా తోచే వీలు తగ్గింది, గెలిచిన వర్గానికి ఊరేగింపు తీసే అవకాశమూ లేకపోయింది. ఈ ఒక్క ఏర్పాటు చూస్తే చాలు, పనివాడి చెయ్యి ఎంత స్థిరమైనదో తెలుస్తుంది.

భక్తవత్సలం కూడా నాయకత్వం విషయంలో కామరాజ్‌కు ఎదురు నిలిచినవారే. ఆయనా లోపలికి వచ్చారు. తొమ్మిదేళ్ళ తరువాత కామరాజ్ దిగిపోయినప్పుడు ఆ కుర్చీ ఎక్కింది ఆయనే.

మాణిక్యవేలు నాయకర్ కామన్‌వీల్ పార్టీ నాయకుడు, రామస్వామి పడయాచి టాయిలర్స్ పార్టీ నాయకుడు. రెండూ ఉత్తర జిల్లాల వన్నియర్ల పార్టీలు. 1952లో కామన్‌వీల్‌కు 6, టాయిలర్స్‌కు 19 స్థానాలు వచ్చాయి. రాజాజీ నాయకర్‌ను మాత్రమే తీసుకున్నారు. పడయాచి బయట ఉండిపోయారు. కామరాజ్ ఇద్దరినీ తీసుకున్నారు. ఫలితంగా ఆ రెండు పార్టీలూ కాంగ్రెస్‌లో కలిసిపోయాయి. మద్దతు కొనుక్కుని పార్టీని బయటే ఉంచితే ఆ బేరం ఏటేటా మళ్ళీ చేయాల్సి వచ్చేది. లోపలికి తెచ్చుకున్నాక అది కాంగ్రెస్ బలమే అయింది.

షణ్ముఖ రాజేశ్వర సేతుపతి రామనాథపురం రాజా. శెట్టి దక్షిణ కన్నడ జిల్లా ప్రతినిధి, అప్పటికి మంగళూరు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. వీళ్ళిద్దరూ, నాయకరూ, సుబ్రమణ్యమూ, నలుగురూ రాజాజీ మంత్రివర్గంలో ఉన్నవాళ్ళే. కామరాజ్ కాక ఉన్న ఏడుగురిలో నలుగురు తన ప్రత్యర్థి ఏరుకున్న మంత్రులు. భక్తవత్సలంతో కలిపితే ఐదుగురు.

పరమేశ్వరన్ దళిత నాయకుడు. ఆయనకు ఇచ్చిన శాఖ హిందూ దేవాదాయం. గుళ్ళలోకి దళితుల ప్రవేశం కోసం పోరాటాలు జరిగిన రాష్ట్రంలో, ఆ గుళ్ళన్నింటి మీద అధికారం దళిత మంత్రి చేతిలో పెట్టారు. ఉపన్యాసం అక్కర్లేకుండా జరిగిన సంస్కరణ అది.

ఇంతకీ ఈ జాబితాలో కామరాజ్ సొంత మనుషులెక్కడ? పద్నాలుగేళ్ళుగా ఆయన వెంట తిరిగి, 93 ఓట్లు వేయించినవాళ్ళలో ఒక్కొక్కరికీ మంత్రి పదవి మీద ఆశ ఉండే ఉంటుంది. వాళ్ళను ఆపగలగడమే ఈ పనిలో అన్నింటికన్నా కష్టమైన భాగం. ప్రత్యర్థిని ఒప్పించడం ఒక ఎత్తు, సొంతవాళ్ళకు లేదని చెప్పి కూడా వాళ్ళ విశ్వాసం నిలుపుకోవడం ఒక ఎత్తు. మంత్రివర్గాన్ని ఎనిమిదికే కుదించడం ఇందుకు పనికొచ్చింది. అందరికీ లేనప్పుడు నాకెందుకు లేదని అడిగేవాడి గొంతు తగ్గుతుంది.

వాషింగ్టన్ చేయలేకపోయినది

ఈ పని ఎంత అరుదో తెలియాలంటే అమెరికా గణతంత్రం మొదటి రోజులు చూడాలి. 1790లో జార్జ్ వాషింగ్టన్ తన మంత్రివర్గంలో ఒక పక్క ఖజానా మంత్రిగా అలెగ్జాండర్ హామిల్టన్‌ను, మరో పక్క విదేశాంగ మంత్రిగా థామస్ జెఫర్సన్‌ను కూర్చోబెట్టారు. ఒకరిది వర్తకుల, బ్యాంకుల, బలమైన కేంద్రం దారి. మరొకరిది రైతుల, రాష్ట్రాల హక్కుల దారి. 1791లో జాతీయ బ్యాంకు మీద ఇద్దరూ బాహాటంగా విభేదించారు. హామిల్టన్ వర్గానికి ఒక పత్రిక ఉంటే, దాన్ని ఎదుర్కోవడానికి పత్రిక నడిపే కవి ఫిలిప్ ఫ్రెనోకు జెఫర్సన్ తన శాఖలోనే అనువాదకుడి ఉద్యోగం ఇచ్చారు. 1793 ఆఖరుకు జెఫర్సన్ వెళ్ళిపోయారు. ఆ చీలిక నుంచే ఫెడరలిస్టులు, రిపబ్లికన్లు అనే రెండు పార్టీలు గట్టిపడ్డాయి. 1796లో వాషింగ్టన్ తన వీడ్కోలు సందేశంలో పార్టీ కక్షల గురించి దేశాన్ని హెచ్చరించారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ప్రత్యర్థుల్ని పక్కపక్కన కూర్చోబెట్టడం ఇద్దరూ చేసిన పనే. కామరాజ్ మంత్రివర్గం నిలిచింది, వాషింగ్టన్‌ది నిలవలేదు. తేడా ఎక్కడుంది? వాషింగ్టన్ తగాదాను పరిష్కరించకుండా మనుషుల్ని కూర్చోబెట్టారు. తాను వర్గాలకు అతీతుణ్ణి కాబట్టి తన ఎదుట వాళ్ళే సర్దుకుంటారని నమ్మారు. కామరాజ్ ముందు ఓట్లు లెక్కపెట్టించి తగాదా తేల్చేశారు. విద్యా పథకం ఉండదని ఖాయమయ్యాక, ఓడినవాళ్ళకు చోటిచ్చారు. ఏ దారిలో వెళ్ళాలన్నది తేలిపోయాక, ఎవరు నడపాలన్న విషయంలో ఉదారంగా ఉండగలిగారు.

అమెరికాలో కామరాజ్‌కు అసలు పోలిక వాషింగ్టన్ కాదు, మార్టిన్ వాన్ బ్యూరెన్. న్యూయార్క్ రాష్ట్రంలో కిండర్‌హుక్ అనే ఊళ్ళో సత్రం నడిపేవాడి కొడుకు. ఇంటి భాష డచ్చి, ఇంగ్లీషు బయట నేర్చుకున్నది. ఫెడరలిస్టులు కనుమరుగై, దేశమంతా ఒకే పార్టీ అన్న భ్రమ నడిచిన రోజుల్లో, 1824 అధ్యక్ష ఎన్నికలో ఆ ఒక్క పార్టీ నుంచే నలుగురు పోటీపడ్డారు. ఆ ముక్కల్ని కలపడానికి వాన్ బ్యూరెన్ పూనుకున్నారు. 1827లో వర్జీనియా పత్రికాధిపతి థామస్ రిచీకి ఉత్తరం రాసి, దక్షిణాది భూస్వాములూ ఉత్తరాది సామాన్య రిపబ్లికన్లూ ఏకం కావాలని ప్రతిపాదించారు. మరుసటేడు ఆండ్రూ జాక్సన్ గెలుపు ఆ పొత్తు ఫలమే, నేటి డెమోక్రటిక్ పార్టీ పునాదీ అదే. అయితే ఆ పొత్తు బానిసత్వం ఊసెత్తకూడదన్న షరతు మీద నిలిచింది. చివరికి 1848లో వాన్ బ్యూరెన్ తాను కట్టిన పార్టీకే ఎదురుగా, బానిసత్వ విస్తరణను వ్యతిరేకించే ఫ్రీ సాయిల్ పార్టీ అభ్యర్థిగా నిలబడ్డారు. కామరాజ్ కూడిక దళితుడికి దేవాదాయ శాఖ ఇచ్చి మొదలైంది. కాబట్టి పార్టీ పనితనాన్ని తూచేటప్పుడు ఎంతమందిని కలిపారన్నది చాలదు, ఎవరి నోరు నొక్కి కలిపారన్నదీ చూడాలి.

పని చేసిన మంత్రివర్గం

ఇల్లు అలకగానే పండగ కాదు. ఆ ఎనిమిదిమంది చేసిన పని వల్లే ఆ జాబితాకు విలువ. కామరాజ్ అప్పటికి లోక్‌సభ సభ్యుడు. శాసనసభకు రావడానికి గుడియాత్తం ఉప ఎన్నికలో నిలిచారు. పెరియార్ బలపరిచారు, డీఎంకే మద్దతిచ్చింది, ఎదురు నిలిచింది కమ్యూనిస్టు అభ్యర్థి. విద్యా పథకం రద్దు కావడంతో ప్రత్యర్థులు కూడా ఆయన వెనుక నిలిచారు.

తరువాతి తొమ్మిదేళ్ళలో మూసేసిన బడులు తెరిచారు, బడి లేని ఊళ్ళల్లో కొత్తవి పెట్టారు. ఎన్.డి. సుందరవడివేలు విద్యాశాఖ అధిపతిగా ఊరూరా దాతల్ని కూడగట్టారు. 1956లో మధ్యాహ్న భోజన పథకం మొదలైంది, దాని ప్రారంభం జరిగింది కోవిల్‌పట్టి పక్కనున్న ఎట్టయపురంలో. భారతి పుట్టిన ఊరు, ఎట్టప్ప నాయకర్ల పాళెం. ఆకలితో బడి మానేసే పిల్లల్ని బడిలో నిలిపింది ఆ అన్నం. దేశమంతా నేడు నడుస్తున్న బడి భోజనానికి దారి చూపింది ఈ నల్లరేగడి నేలే. వీటికి డబ్బు సమకూర్చిన ఆర్థికమంత్రి, నడిపించిన విద్యామంత్రి, ఇద్దరూ ఒక్కరే. నిన్నటి ప్రత్యర్థి సుబ్రమణ్యం.

సాత్తూరు స్థానం

సాత్తూరు శాసనసభ స్థానం చరిత్రలో ఒక తెలుగు పేరు రెండుసార్లు, రెండు పార్టీల గుర్తుల కింద వస్తుంది. 1952లో ఇక్కడ గెలిచింది ఎస్. రామస్వామి నాయుడు, కాంగ్రెస్ అభ్యర్థిగా. 1957, 1962లలో కామరాజ్. 1967లో మళ్ళీ రామస్వామి నాయుడే, ఈసారి స్వతంత్ర పార్టీ తరపున. పదిహేనేళ్ళ తమిళనాడు రాజకీయం అంతా ఈ మూడు వరుసల్లో ఉంది.

స్వతంత్ర పార్టీని 1959లో పెట్టింది రాజాజీ, దాని అధ్యక్షుడు మన ఆచార్య ఎన్.జి. రంగా. సహకార సేద్యం, పర్మిట్ల పాలన మీద నిరసనగా వచ్చిన పార్టీ అది. సొంత భూమి ఉన్న రైతులకు, వర్తకులకు ఆ పిలుపు చేరింది. 1954లో కామరాజ్ రాజాజీ మంత్రుల్ని నిలుపుకున్నారు, రాజాజీని నిలుపుకోలేకపోయారు. ఆ జాబితాలో చోటు దొరకని ఒక్క మనిషి బయటికి వెళ్ళి పార్టీ పెట్టారు. 1967లో ఆయన డీఎంకేతో చేతులు కలిపారు. తొలి ముఖ్యమంత్రిత్వంలో బడుల్లో హిందీ పెట్టిన రాజాజీ, హిందీ వ్యతిరేక ఉద్యమంలో ఎదిగిన డీఎంకే ఒకే వేదిక ఎక్కాయి. బియ్యం కరువు, 1965 హిందీ వ్యతిరేక ఆందోళన తెచ్చిన కోపం ఆ పొత్తుకు ఊపిరి పోశాయి. కాంగ్రెస్ ఓడిపోయింది. సాత్తూరు వదిలి సొంత ఊరు విరుదునగరంలో నిలిచిన కామరాజ్ కూడా పి. శ్రీనివాసన్ అనే విద్యార్థి నాయకుడి చేతిలో 1,285 ఓట్లతో ఓడిపోయారు. ఆ స్థాయి నాయకుడు ఓటమిని కుట్ర అనకుండా స్వీకరించడం కూడా ఆయన పనితనంలో భాగమే.

కుర్చీ దిగడం

ఆ ఓటమికి దారి తీసిన కారణాల్లో ఒకటి ఆయన చేసిన గొప్ప పనే. పెద్ద నాయకులు పదవులు వదిలి పార్టీ పనికి రావాలని 1963లో కామరాజ్ ప్రతిపాదించారు. నెహ్రూ ఒప్పుకున్నారు. ఆరుగురు కేంద్ర మంత్రులు, ఆరుగురు ముఖ్యమంత్రులు తప్పుకున్నారు. కేంద్రం నుంచి మొరార్జీ దేశాయ్, లాల్ బహదూర్ శాస్త్రి, జగ్జీవన్ రామ్, ఎస్.కె. పాటిల్, కె.ఎల్. శ్రీమాలి, మన బెజవాడ గోపాలరెడ్డి. ముఖ్యమంత్రుల్లో బిజూ పట్నాయక్ వంటివారు. తన ప్రతిపాదనకు తానే ముందు కట్టుబడి 1963 అక్టోబరు 2న కామరాజ్ ముఖ్యమంత్రి పదవి వదిలారు. విరుదునగరం మునిసిపాలిటీ కుర్చీ వదిలిన మనిషికి అది కొత్త విద్య కాదు.

అదే నెలలో తిరుపతిలో నలుగురు కలిశారు. కామరాజ్, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి, కర్ణాటక నుంచి నిజలింగప్ప, బెంగాల్ నుంచి అతుల్య ఘోష్. నెహ్రూ తరువాత ఎవరన్న ప్రశ్న అక్కడ చర్చకు వచ్చింది. కామరాజ్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. 1964 మే 27న నెహ్రూ కన్నుమూశాక, ఎంపీలనూ ముఖ్యమంత్రులనూ ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడి, శాస్త్రి పేరు మీద ఏకాభిప్రాయం ఉందని ప్రకటించారు. 1966 జనవరిలో శాస్త్రి తాష్కెంట్‌లో మరణించినప్పుడు మొరార్జీ పోటీకి పట్టుబట్టారు. ఓటింగ్ జరిగింది, ఇందిరా గాంధీకి 355, మొరార్జీకి 169. ఏకాభిప్రాయం కుదిరేటప్పుడు ఏకాభిప్రాయం, కుదరనప్పుడు ఓటు. రెండుసార్లూ అధికారం చేతులు మారింది, పార్టీ చీలలేదు.

1969లో మాత్రం చీలింది. రాష్ట్రపతి పదవికి పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఎదురు నిలిచిన వి.వి. గిరి కూడా తెలుగువాడే, 1946లో ప్రకాశం మంత్రివర్గంలో పనిచేసినవాడు. ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు, గిరి గెలిచారు, నవంబరులో కాంగ్రెస్ రెండుగా విడిపోయింది. కామరాజ్ పాత కాంగ్రెస్‌లో నిలిచారు. 1971 ఎన్నికల్లో ఆయన పక్కన పొత్తులో నిలిచింది ఎవరో కాదు, రాజాజీ. ముప్పై ఏళ్ళు ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ ఒకే వైపు చేరారు, కానీ గెలుపు డీఎంకే, ఇందిర పొత్తుది. సాత్తూరులో ఫార్వర్డ్ బ్లాక్ గెలిచింది. 1972 డిసెంబరు 25న రాజాజీ, 1975 అక్టోబరు 2న కామరాజ్ కన్నుమూశారు.

ఈ పనితనంలోని లోపం ఏమిటో ఆ చీలిక చెబుతుంది. కామరాజ్ కుదిర్చిన ఏర్పాట్లు మనుషుల మీద, ఆయన ఎరిగిన మనుషుల మీద నిలిచాయి. ఒక జిల్లాలో, ఒక రాష్ట్రంలో ఆయనకు ప్రతి ఒక్కరూ తెలుసు. దేశమంతటా అలా తెలియడం ఎవరికీ సాధ్యం కాదు. రాష్ట్రంలో తాను దిగిపోయాక ఆ జాబితాను సరిచూసుకునే చెయ్యి మిగల్లేదు. ఓడినవాడికి చోటివ్వడం ఆయన స్వభావంగా ఉండిపోయింది, పార్టీ నియమంగా మారలేదు.

అయినా నా తీర్పు ఇది. పార్టీని గెలిపించినవాళ్ళు చాలామంది ఉన్నారు. గెలిచిన మరునాడు ఓడినవాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలిసినవాళ్ళు చాలా తక్కువ, అందులో కామరాజ్ అగ్రగణ్యుడు. నేడు పార్టీ మారడమంటే టికెట్టు కోసమో కాంట్రాక్టు కోసమో అనే స్థితికి వచ్చాం. నాయకుడు గెలవగానే ఎదుటి వర్గం పేర్లు వెతికి మరీ తీసేస్తున్నాడు. సాత్తూరు, కోవిల్‌పట్టి, రాజపాళయం తెలుగు ఇళ్ళల్లోని పిల్లలకు నాదొక విన్నపం. మీ పంచాయతీలో, మీ సంఘంలో, మీ కళాశాల ఎన్నికలో గెలిచిన రోజు ఒక కాగితం మీద పేర్లు రాయండి. అందులో సగమైనా మీకు ఓటు వేయనివాళ్ళవి ఉండేలా చూసుకోండి. వాళ్ళకు అసలైన పని అప్పగించండి.